శంషాబాదు దయ్యమును, క్షుద్రనవల వారసత్వమును

2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయమునుండి విమానరాకపోకలు మొదలైన పిదప, గ్రామములు ఖాళీయైన ఆ నేలపై ప్రేతములు సంచరించుచున్నవను వదంతి ఊరూర వ్యాపించినది. కాని యట్టి భయమునకు మాటలు నేర్పినది అంతకు రెండు దశాబ్దములకు పూర్వమే, అద్దెపుస్తకాల దుకాణములందు చేతులు మారి అట్టలు చినిగిన క్షుద్రనవల.

అట్టి నవలలలో ఒకటి, ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికముగా వెలువడిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. అందు తులసియను బాలికపై కాష్మోరా యను క్షుద్రశక్తి ప్రయోగము జరుగును. వారమువారము ఉత్కంఠవద్ద తెగిపోవు ఆ కథకై యువపాఠకులు తరువాతి సంచిక వచ్చువరకు నిరీక్షించిరి. అయితే రచయిత ఒకవంక మాంత్రికులను, మఱొకవంక వైద్యులను నిలిపి, ఆ బాలికను రక్షించినది మంత్రమా శాస్త్రమా యన్న ప్రశ్నను పాఠకుని విచక్షణకే విడిచెను.

ఈ దాటవేత హేతువాదులకు రుచింపలేదు. రచయిత్రి రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అను విమర్శగ్రంథమునే వ్రాసి, మూఢవిశ్వాసమునకు శాస్త్రముతో సమానపీఠము వేసినారని ఖండింపగా, వివాదము న్యాయస్థానమునకెక్కెను.

భయపెట్టుట యందు ఆ నవల నేర్పు కాదనరానిది. రహస్యమును విప్పవలసిన తావున మాత్రము అది పాఠకుని నిరాశపఱచినది. కారణము నడుగని భయమునకు అలవాటుపడిన సమాజమున, కొత్త విమానాశ్రయమునకును ఒక దయ్యము దొరకుట వింత కాదు.