ముందు ఎవరి మోటరు?

మేడ్చల్ బస్టాండు వెనక మోటర్ల వైండింగ్ కొట్టు పెట్టింది 1986లో. అంతకుముందు నాలుగేళ్ళు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పని నేర్చుకున్నాను. కాలిన మోటరు విప్పగానే వార్నిషూ రాగీ మాడిన కాగితమూ కలిసి ఒక వాసన వస్తుంది. అది నా చొక్కాలను ఇప్పటికీ వదల్లేదని మా ఆవిడ అంటుంది. మొన్న మా అబ్బాయి కొట్టు దగ్గరికొచ్చి ఫోను చూపించాడు. "బాపూ, ఇగ సూడు. షామీర్‌పేటల మా ఇంటి మోటరు ఈడికెల్లే బంద్ జేస్తున్న" అని ఒక్క నొక్కు నొక్కాడు. నాకు నవ్వొచ్చింది. ఈ చుట్టుపక్కల మోటర్లు మనిషి లేకుండా నడవడం మొదలై చాలా ఏళ్ళయింది. ఆ కథలో సగం నా కొట్టు అటక మీద గోనెసంచిలో ఉంది.

కరెంటు కంటే ముందు తొండం ఉండేది. మా తాత మోట కొట్టినవాడు. మోట బొక్కెన అడుగున ఏనుగు తొండంలాగే తోలు గొట్టం వేలాడుతుంది. బొక్కెనకు లావు మోకు, తొండం కొసకు సన్నతాడు, రెండూ ఎడ్ల కాడికే కడతారు. బొక్కెన బావిలో ఉన్నంతసేపు సన్నతాడు తొండాన్ని పైకి మడిచి పట్టుకుంటుంది కాబట్టి చుక్క కారదు. ఎడ్లు వాలు దిగి కొసకు చేరేసరికి బొక్కెన పై గిలక దాకా లేస్తుంది, తొండం కొస కింది గిలక మీదుగా తొట్టిలోకి జారుతుంది. నీళ్ళు వాటంతటవే పడిపోతాయి. గట్టు మీద నిలబడి బొక్కెన వంచడానికి రెండో మనిషితో పనిలేదు. కిటుకంతా రెండు తాళ్ళ పొడవులో ఉన్న తేడాలోనే. తొండం కుట్టే మాదిగ పెద్దలకు ఆ కొలత తెలుసు. జానెడు తప్పిందా, ఎక్కిన నీళ్ళన్నీ మళ్ళీ బావిలోకే. నన్నడిగితే మా వైపు మొట్టమొదటి ఆటోమేటిక్ సామాను అదే.

చెరువు కింద సంగతి వేరు. షామీర్‌పేట చెరువు లాంటి పెద్ద చెరువుకైనా, ఊరి కుంటకైనా తూము దగ్గర నీరడి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, ఏ మడికి ముందు పారాలి, అంతా అతని చేతిలో. నీళ్ళు తక్కువైన ఏడు తైబందీ కట్టేవారు, అంటే ఇన్ని ఎకరాలకే నీళ్ళు, మిగతాది బీడు. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని గట్ల వెంట తిరిగి, ఒకరి వంతు కాగానే మడవ కట్టి ఇంకొకరికి తిప్పేవాడు. అతన్ని తిట్టనివాడు లేడు, అతను లేకుండా నాట్లు పడిన ఊరూ లేదు. పటేల్, పట్వారీల ఉద్యోగాలు 1984లో రద్దయ్యాయి. నీరడులు ఊరి నౌకర్లుగా ఇంకొన్నాళ్ళు సాగి, తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకులు, అంటే వీఆర్‌ఏలయ్యారు. 2023లో ఆ వ్యవస్థనే తీసేసి వాళ్ళను వేరే శాఖల్లోకి పంపారు. అప్పటికే చాలామందికి తూముతో సంబంధం తెగిపోయింది. బావులూ బోర్లూ వచ్చాక ఎవరి నీళ్ళు వాళ్ళవి అనుకున్నాం కదా.

ఆయిల్ ఇంజన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పొగ, చప్పుడు, హ్యాండిల్ తిప్పీ తిప్పీ భుజం నొప్పి. రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది 1959లో. లైన్లు ఊరూరికీ పాకుతున్నకొద్దీ ఇంజన్లు పాకల్లో మూలకు చేరాయి. మేడ్చల్, షామీర్‌పేట అప్పట్లో ద్రాక్షతోటలకు పేరు. అనాబ్-ఎ-షాహీ గుత్తులు ఎలా ఉండేవో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. ఆ తోటలు కరెంటు మోటరును నమ్ముకునే పెరిగాయి.

ఇక్కడ స్టార్టరు డబ్బా ఒకసారి విప్పి చూపించాలి. పచ్చ బటన్, ఎర్ర బటన్. పచ్చది నొక్కితే లోపలి కాయిల్ అయస్కాంతమై కాంటాక్టులను లాగి పట్టుకుంటుంది, మోటరు నడుస్తుంది. కరెంటు పోగానే కాయిల్ పట్టు విడుస్తుంది, కాంటాక్టులు టక్కున ఊడతాయి. మళ్ళీ కరెంటు వచ్చినా మోటరు లేవదు, మనిషి వచ్చి పచ్చ బటన్ నొక్కాల్సిందే. కావాలనే అలా చేశారు. కరెంటు లేదు కదా అని ఎవడైనా మోటరు మీద చెయ్యేసి ఉంటే హఠాత్తుగా తిరక్కూడదని.

మంచి ఆలోచనే, పగలు కరెంటుండే ఊరికి. మాకు త్రీఫేజు విడతలుగా వచ్చేది, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మిగతా వేళల్లో ఇళ్ళకు సింగిల్ ఫేజు. బావి దగ్గర స్తంభానికి ఒక బల్బు కట్టుకునేవాళ్ళం. త్రీఫేజు రాగానే అది వెలిగేది. మా బాపు వాకిట్లో మంచం వేసుకుని ఆ బల్బు వైపే తిరిగి పడుకునేవాడు. వెలగ్గానే టార్చీ, కర్ర పట్టుకుని పోయేవాడు. గట్ల మీద పాములు, తడి చేతులతో ముట్టుకునే స్టార్టరు. తెల్లారి వచ్చే కబుర్లలో ఏ ఊళ్ళోనో ఒకరు పోయారన్నది తరచుగా ఉండేది.

మోటరుకు మీటరూ లేదు. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల లెక్క. 2004 మే 14న రాజశేఖరరెడ్డి ప్రమాణం చేసిన రోజే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టాడు. ఎంతసేపు నడిచినా బిల్లు రాని మోటరు, ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు. ఈ రెండూ కలిశాక ఆటో స్టార్టరు పుట్టకుండా ఎలా ఉంటుంది? మొదట్లో పచ్చ బటన్‌లో అగ్గిపుల్ల కుక్కేవాళ్ళు. తర్వాత కార్డులొచ్చాయి. అరచేతిలో పట్టే పలక, ఒక రిలే, ఒక టైమర్, స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న మర. మూడు ఫేజులూ వచ్చాయని చూసుకుని, మర పెట్టినంతసేపు ఆగి, పచ్చ బటన్ పని అదే చేస్తుంది. మా బాపు స్టార్టరుకు నేనే బిగించాను. ఆ రాత్రి ఆయన బల్బుకు వీపు పెట్టి పడుకున్నాడు.

వందల కార్డులు బిగించాను, దాచను. తర్వాత జరిగిందీ చెప్తాను. ఒక ఊళ్ళో 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద పది మోటర్లు, అన్నీ ఐదు హార్స్‌పవర్‌వే. నడుస్తున్న మోటరు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, పదీ కలిసి డెబ్భై ఎనభై. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు ఎనభై నాలుగు దాకా ఓర్చుకుంటుంది, సరే. కానీ మోటరు లేచే క్షణంలో దానికి ఆరింతలు లాగుతుంది. మనుషులు నొక్కే కాలంలో ఒకడు ముందు, ఒకడు వెనక వచ్చేవాళ్ళు; ఒకడికి మెలకువే రాదు. ఇప్పుడు పదీ ఒక్కసారే లేచాయి. నాలుగు వందల పైచిలుకు ఆంపియర్లు. ఫ్యూజు పోయింది. ఈసారి లావు తీగ వేశారు. నెల తిరక్కుండా ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, పన్నెండు రోజులు ఎండు. కాలిన మోటర్లు వరసగా నా కొట్టుకే వచ్చాయి. ఆ ఏడు నాకు బాగానే గిట్టింది, ఆ మాట ఒప్పుకోవాలి.

పదిమందినీ వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఉపాయం చెప్పాను. మరలు తలా ఒక రకంగా తిప్పుతాను. మొదటిది పది సెకన్లకు, రెండోది ఇరవైకి, మూడోది ముప్ఫైకి. పదోది వంద సెకన్లకు లేస్తుంది, అంతే కదా! అంతా తలూపారు. అప్పుడు ఒకాయన, "గట్లయితే నాది ముంగట వెట్టు" అన్నాడు. ఇంకొకాయన, "నీదెందుకు ముంగట? ట్రాన్స్‌ఫార్మర్‌కు జాగ ఇచ్చింది మా నాయిన" అన్నాడు. తొంభై సెకన్ల కోసం సాయంత్రం దాకా కొట్లాట. చివరికి ఒక ముసలాయన, "నీరడి ఉంటే నాలుగు తిట్టి తెంపు జేస్తుండె" అన్నాడు. ఆ మాట వల్లే నాకు తట్టింది. కార్డుకు మోటరు లేపడం వచ్చు. వంతు పెట్టడం రాదు. ఆ పని నీరడితో పోయింది, దాన్ని ఎవరూ మళ్ళీ ఎత్తుకోలేదు. ఆ రోజు చీటీలు వేసి తేల్చాను.

తెలంగాణ వచ్చాక 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు. అంతకుముందు నుంచే ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పింది. కరెంటు ఎప్పుడూ ఉంటే, తనంతట తాను లేచే మోటరు ఇక ఆగదు, భూమిలో నీళ్ళు మిగలవు. న్యాయమైన మాటే. బిగించిన చేతులతోనే ఊడదీశాను. కొందరు ఊడదీయించి, వారానికే మళ్ళీ వచ్చారు. తీసిన కార్డులే ఆ గోనెసంచిలో ఉన్నవి.

ఫోనుతో నడిపేవి అప్పటికే వచ్చాయి. పుణె ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ చేసిన నానో గణేశ్‌కు 2009లో నోకియా వాళ్ళ బహుమతి వచ్చిందని పేపర్లో చదివాను. బెంగళూరు నుంచి కిసాన్ రాజా వచ్చింది. స్టార్టరు డబ్బాలో సిమ్ము ఉంటుంది, ఫోను చేస్తే మోటరు లేస్తుంది. ఒక రైతు కూతురి పెళ్ళి మండపంలో కూర్చుని మోటరు ఆన్ చేయడం నేను కళ్ళారా చూశాను, తలంబ్రాలకు ముందు. కానీ మా వైపు అవి ఎక్కువ కాలం నిలవలేదు. తోటలు ప్లాట్లయ్యాయి, అవుటర్ రింగ్ రోడ్డు వచ్చింది, బోరు వందల అడుగులు దిగినా దుమ్మే లేచింది. 2015లో గోదావరి నీళ్ళు పైపుల్లో ఘనపూర్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి నగరానికి పారాయి. పొలం మోటర్ల మెకానిక్కును ఇళ్ళ మోటర్ల మెకానిక్కునయ్యాను. సంపు, పైన ట్యాంకు, మధ్యలో ఒక హార్స్‌పవర్ మోటరు. ట్యాంకులో నీటి మట్టం చూసే సెన్సరు. సంపు ఎండితే మోటరు ఆపేది ఇంకొకటి. ఈ రెండోది అసలైన మంచి వస్తువు, ఎన్ని మోటర్లను బతికించిందో.

మా అబ్బాయి ఇంటి మోటరుకు టైము కూడా పెట్టుకోవచ్చు. పెట్టుకున్నాడు, పొద్దున ఐదింటికి. వాళ్ళ దగ్గర ఇరవై నాలుగు విల్లాలు. మొన్న ఎండాకాలంలో ఒక తెల్లవారుజామున కరెంటు పోయింది, జనరేటరు అందుకుంది. ఐదు కొట్టగానే జనరేటరు ఒక్క మూలుగు మూలిగి పడిపోయింది. వాచ్‌మన్ మళ్ళీ లేపాడు, మళ్ళీ పడింది. మూడోసారి మా అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. పోయి చూశాను. జనరేటరు బాగానే ఉంది, 62.5 కేవీఏది. "మోటర్లకు ఎవరెవరు ఎన్ని గంటలకు పెట్టుకున్నరు?" అని అడిగాను. లుంగీల్లో, నైట్ ప్యాంట్లలో గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు ఫోన్లు తీసి చూసుకున్నారు. ఐదు. ఐదు. ఐదు. అందరిదీ ఐదే.

వాచ్‌మన్ దగ్గర రిజిస్టరు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి గీతలు గీశాను. నాలుగూ నలభై నుంచి రెండేసి నిమిషాల తేడాతో ఇరవై నాలుగు గళ్ళు. పెన్ను చేతిలో పట్టుకుని, "మొదటి నంబరు ఎవరిది రాయమంటరు?" అన్నాను.

ముగ్గురు ఒకేసారి నోరు తెరిచారు.