కొండసింహానికి కడదాకా ఇల్లు

కొండసింహం అనగానే జూలు విదిల్చి గర్జించే మృగరాజును ఊహించుకోకండి. ఈవేళ మనం చెప్పుకోబోయేది అమెరికా ఖండాల్లో తిరిగే ప్యూమా సంగతి. కూగర్ అన్నా అదే. జూలు లేదు. ఎండుగడ్డి రంగు ఒళ్లు, పొడుగాటి తోక. గర్జించడం దానికి చేతకాదు, మన వంటింట్లో దూరే పిల్లిలాగే గురగురలాడుతుంది. అలాగని చంకనెత్తుకునేరు! ఒంటరిగా పొంచి ఉండి జింకను పడగొట్టే జంతువు అది.

కాలిఫోర్నియా రాష్ట్రంలో 1907 నుంచి 1963 దాకా దీన్ని చంపినవాళ్లకు ప్రభుత్వమే డబ్బిచ్చేది. గొర్రెల్నీ దూడల్నీ తింటోందనీ, వేటగాళ్లకు దక్కవలసిన జింకల్ని మిగల్చడం లేదనీ దాని మీద నేరం. ఆ యాభై ఆరేళ్లలో 12 వేలకు పైగా ప్యూమాలకు బహుమానాలు చెల్లించారు. ఆడదాన్ని చంపితే మగదాని కంటే ఎక్కువ ముట్టేది. తల్లి కాబోయేదాన్ని తీసేస్తే ముందుముందు పుట్టబోయేవన్నీ ఆగిపోతాయని లెక్క. ఖజానా వాళ్లకు అది తెలివైన పనే కావచ్చు, వింటుంటే మాత్రం ఆడవాళ్లకు ప్రాణం చివుక్కుమంటుంది. 1972లో సరదా వేటకు అడ్డుకట్ట వేశారు. 1990లో అక్కడి ఓటర్లే ఓటు వేసి దాన్ని శాశ్వతంగా నిషేధించారు.

వేట ఆగింది గాని తల్లిలేని పిల్లలు లేకుండా పోలేదు. రోడ్డు దాటబోయి కార్ల కింద పడే తల్లులున్నాయి. మేకల దొడ్డి మీద పడితే అనుమతి పత్రం తెచ్చుకుని కాల్చేవాళ్లున్నారు. ప్యూమా పిల్ల ఏడాదో, ఏడాదిన్నరో తల్లి వెంట తిరుగుతూ బతుకు నేర్చుకుంటుంది. ఎలా పొంచాలి, ఎక్కడ కరవాలి, మనిషి అలికిడైతే ఎటు తప్పుకోవాలి, అంతా ఆ తల్లి బడిలోనే. సీసాతో పాలు పట్టి పిల్లను బతికించడం మనుషుల చేతిలో ఉంది, ఆ చదువు చెప్పడం మాత్రం లేదు. అలాంటిదాన్ని అడవిలో వదిలితే ఆకలికి చస్తుంది, లేదా మనుషుల గుమ్మాల్లోకి వచ్చి తుపాకీ పాలవుతుంది. అందుకని కాపాడినవాళ్లే కడదాకా సాకాలి. మనుషుల పోషణలో ప్యూమా ఇరవై ఏళ్లయినా బతకగలదు. ఇరవై ఏళ్ల మాంసం, మందులు, కాపలా! పిల్లను మంటల్లోంచి తీసిన రోజున పత్రికల్లో ఫొటోలు వేస్తారు. పంతొమ్మిదో ఏట దానికి పళ్లరిగితే ఎవరూ వెయ్యరు.

మంటలంటే గుర్తొచ్చింది. 2020 సెప్టెంబరులో ఉత్తర కాలిఫోర్నియా అడవులు కాలిపోతుంటే, మంటలార్పే ఉద్యోగి ఒకరికి రెండు కిలోలైనా తూగని పిల్ల దొరికింది. పాదాలు కాలాయి, మీసాలు మాడిపోయాయి. ఓక్లండ్ జూ వైద్యులు నాలుగు కాళ్లకూ కట్లు కట్టి బతికించారు. 'కెప్టెన్ కాల్' అని పేరు పెట్టారు. తల్లిలేని మరో రెండు ఆడపిల్లల్ని దానికి జత చేసి, మరుసటి ఏడు మూడింటినీ ఒహాయోలోని కొలంబస్ జూకు పంపారు. జూ మాత్రం జైలు కాదా అంటారేమో. అడవితో పోలిస్తే జైలే, కాదనను. తల్లి తిరిగి వచ్చే దారి లేదు గదా!

అనాథల సంగతి ఇది. మనిషే ముచ్చటపడి పెంచి, వాడుకుని, వద్దనుకున్నవి ఇంకోరకం. ఇక్కడ పాట్ డెర్బీ అనే ఆవిడను గురించి చెప్పాలి. 1942లో ఇంగ్లండులో పుట్టి అమెరికా వెళ్లి, సినిమాలకూ టెలివిజన్‌కూ జంతువులను తర్ఫీదు చేసేవారు. 1967 మోడలుగా ఓ మోటారు కంపెనీ కూగర్ పేరుతో కారు తెచ్చింది. ప్రకటనల్లో కంపెనీ బోర్డు మీద నిజం కూగరే కూర్చునేది. ఆ ప్రకటనల కూగర్‌కు తర్ఫీదు ఈవిడదే. కెమెరా వెనక ఆ వృత్తిలో జంతువులు పడే హింస చూసి, 1976లో పుస్తకంగా బయటపెట్టారు. తన అన్నం గిన్నెలో తనే మట్టి పోసుకోవడమన్నమాట! 1984లో ఎడ్ స్టివార్ట్‌తో కలిసి కాలిఫోర్నియాలోని గాల్ట్ అనే ఊళ్లో జంతువులకు ఆశ్రయం పెట్టారు. ఏనుగులు, పులులు, వాటితోపాటు కొండసింహాలూ చేరాయి. అక్కడ పిల్లల్ని పుట్టించరు, అమ్మరు, ఆటలాడించరు. జనానికి రోజూ తలుపులు తెరవరు. 2013లో ఆవిడ పోయేదాకా ఆ పనే. 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం పెద్దపులులతో పాటు కూగర్లనూ ఇళ్లల్లో పెంచుకోకూడదని చట్టం చేసింది.

మనకూ ఇలాంటి బాధ్యత వచ్చిపడింది. సింహం, పులి, చిరుత, ఎలుగు, కోతి, వీటిచేత ఆటలాడించరాదని 1998లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. సర్కసు వాళ్లు కోర్టుకెక్కారు. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్నే నిలబెట్టింది. మరి ఆ సింహాలు ఎక్కడికి పోవాలి? బోనుల్లోనే పుట్టినవాయె. పైగా చాలావాటిలో గిర్ సింహాల రక్తం, ఆఫ్రికా సింహాల రక్తం కలిసిపోయాయి, గిర్ అడవికి పంపే వీల్లేదు. అందుకని విశాఖపట్నం, తిరుపతి వంటి చోట్ల జూలకు అనుబంధంగా రక్షణ కేంద్రాలు పెట్టి, బతికినంతకాలం అక్కడే మేపారు. మగవాటికి ఆపరేషన్లు చేశారు, మరో తరం బోనులో పుట్టకుండా. ఏటా ముసలివి ఒకటొకటే రాలిపోతుంటే, ఒక్కొక్క గదే ఖాళీ అవుతూ వచ్చింది.