‘ధర్మపురి’ అని చదవాలంటే

ఒకటో తరగతి పిల్లవాడి గురించి ‘చదవడం వచ్చింది’ అని ఇంట్లోనూ అంటారు, బళ్లోనూ అంటారు. ఆ మాట కింద వేర్వేరు పనులున్నాయి. ఒకటి వచ్చి, దాని పక్కది రాకపోవచ్చు. ఏది వచ్చిందో ఏది రాలేదో తేలాలంటే ఒక్కో మాటకూ హద్దు గీసుకోవాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు బళ్లను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను కాబట్టి ఉదాహరణకు ఆ వైపు గోదావరి ఒడ్డునున్న ధర్మపురి పేరే తీసుకుంటాను. ఆ నాలుగక్షరాల్లో తెలుగు రాత పిల్లలకు పెట్టే చిక్కులు చాలావరకు ఉన్నాయి.

అక్షరాభ్యాసం. ధర్మపురికి ఎగువన, అదే గోదావరి ఒడ్డున ఉన్న బాసరకు పిల్లల్ని తీసుకెళ్లి బియ్యంలో వేలు పట్టి ఓనమాలు దిద్దిస్తారు. ఇది ఆరంభం, అంటే చదువుకు చేసే శుభకార్యం. వేలు కదిపింది పెద్దలు. ఈ గీతలంటే మనవాళ్లకు గౌరవమని పిల్లవాడికి ఆ రోజు అర్థమవుతుంది. అది చిన్న సంగతి కాదు. బోధన మాత్రం అక్కడింకా మొదలు కాలేదు.

అక్షరం. తెలుగులో అక్షరం పేరూ దాని శబ్దమూ ఒకటే. ‘గ’ పేరు ‘గ’, పలికేదీ ‘గ’. ఇంగ్లీషులో ‘సీ, ఏ, టీ’ అని ఎంత వేగంగా పలికినా ‘క్యాట్’ రాదు. తెలుగులో ‘త, బ, ల’ అని పలికితే తబల వచ్చేస్తుంది. 2022-23 నుంచి మన తెలంగాణ ప్రభుత్వ బళ్లలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు ఇస్తున్నారు. ఆ పుస్తకం పట్టిన పిల్లవాడికి రెండు లిపులు రెండు పద్ధతుల్లో పనిచేస్తాయని చెప్పి తీరాలి. చెప్పకపోతే తెలుగు మాటకు కూడా స్పెల్లింగ్ బట్టీ పడతాడు.

తలకట్టు. అక్షరం నెత్తిన ఉండే చిన్న టిక్కు లాంటి గీత. ‘అ’ శబ్దానికి గుర్తు ఇదేనని చాలామంది చెబుతారు. ఆ మాట సగమే నిజం. జ, ట, ణ, బ, ల అక్షరాలకు తలకట్టు లేదు. ‘అ’ శబ్దం మాత్రం ఉంది. అంటే ‘అ’ హల్లుతోనే పుట్టి ఉంటుంది, తలకట్టు కొన్ని అక్షరాల ఆకారంలో భాగం. ఈ తేడా పెద్దవాళ్ల పట్టింపులా కనిపిస్తుంది గాని, వత్తుల దగ్గరికి వచ్చేసరికి దీని అవసరం తెలుస్తుంది.

గుణింతం. ఒక హల్లుకు అచ్చుల గుర్తులు వరసగా చేర్చడం. ‘క కు గుడిస్తే కి, క కు కొమ్మిస్తే కు’ అని తరగతి మొత్తం రాగం తీస్తుంది. వరస వచ్చినంత మాత్రాన గుణింతం వచ్చినట్టు కాదు. వరస మధ్యలోంచి ‘కొ’ చూపించి అడగండి. కొందరు ‘క, కా, కి, కీ’ నుంచి ఎక్కివస్తే గాని ‘కొ’ చెప్పలేరు. వాళ్లకు తెలిసింది పాట; గుర్తు తెలియలేదు. పైగా గుర్తులు అన్ని అక్షరాలకూ ఒకే తీరుగా అతకవు. ప, ఫ, వ లకు కొమ్ము పక్కన నిలవకుండా కిందికి దిగుతుంది. ‘వ’ పక్కనే కొమ్ము పెడితే అది ‘మ’ అయి కూర్చుంటుంది కాబట్టి ఈ ఏర్పాటు. ధర్మపురిలోని ‘పు’ దగ్గర పిల్లవాడి చెయ్యి ఆగేది ఇందుకే. ఆగితే మందలించకండి, కారణం చెప్పండి.

గుణింతం నేర్పడానికి మాటలు ఇంటినుంచి తీసుకోవడం మేలు. ఈ ప్రాంతంలో బీడీలు చుట్టే ఇళ్లు ఎన్నో. ‘తునికాకు’లో కొమ్ము, గుడి, దీర్ఘం, మళ్లీ కొమ్ము వరసగా ఉన్నాయి, ఒక్క వత్తు లేదు. ‘బీడీ’లో రెండూ గుడిదీర్ఘాలే. సిరిసిల్ల పిల్లలకు ‘సాంచాలు’ (మరమగ్గాలు) ఉంది: దీర్ఘం, సున్న, కొమ్ము. వస్తువు కళ్లెదుట ఉంటుంది కాబట్టి అర్థం విడిగా చెప్పే పని ఉండదు.

వత్తు. ఇక్కడ తొందరపడొద్దు, తెలుగు చదువులో పిల్లలు ఎక్కువమంది ఆగిపోయే చోటు ఇదే. వత్తు అంటే ఒక హల్లు కింద లేదా పక్కన చేరే ఇంకో హల్లు. అదే హల్లు చేరితే ద్విత్వం (అమ్మ), వేరే హల్లు చేరితే సంయుక్తం (ధర్మ), రెండు కంటే ఎక్కువ హల్లులు కలిస్తే సంశ్లేషం (లక్ష్మి). పేర్లు పిల్లలకు ఇప్పుడే అక్కర్లేదు. ఉపాధ్యాయుడికి మాత్రం కావాలి, ఎందుకంటే చిక్కు మూడు చోట్ల ఉంది.

మొదటిది, ‘ర్మ’లో పైనున్న ‘ర’ తన ‘అ’ను పోగొట్టుకుంది, తలకట్టు మాత్రం అలాగే ఉంది. తలకట్టే ‘అ’ అని నేర్చుకున్న పిల్లవాడు న్యాయంగానే ‘ధరమపురి’ అని చదువుతాడు. రెండోది, కింది మ వత్తు ‘మ’లా ఉండదు. త, న, మ, య, ర, ల వంటివి వత్తులయ్యేటప్పుడు రూపు మార్చుకుంటాయి. అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల అనే మొట్టమొదటి మాటలన్నీ వీటితోనే కదా! మూడోది, అచ్చు గుర్తు పై అక్షరానికి అంటుకుంటుంది, శబ్దం కింది హల్లు తరవాత పలుకుతుంది. ధర్మపురి నరసింహస్వామి గుడి బోర్డు మీద ‘స్వామి’ చూడండి. దీర్ఘం ఉన్నది ‘స’ మీద, సాగేది ‘వా’. కన్ను పైనుంచి కిందికి దిగి, మళ్లీ పైకెక్కాలి. వేలితో ఆ దారి గీసి చూపిస్తూ ‘స్... వా’ అని నెమ్మదిగా పలికించాలి. వత్తుల పట్టిక వందసార్లు రాయించినా ఈ దారి తెలియదు.

కంఠస్థం. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ధర్మపురివాడు. శతక పద్యాలు నోటికి పట్టించడం మన బళ్ల పాత అలవాటు, మంచి అలవాటు. చెవికి భాష పడుతుంది, నాలుక తిరుగుతుంది. అది చదవడం కాదు. పద్యం నోటికొచ్చిన పిల్లవాడు పుస్తకంలో వేలు జరుపుతూ అప్పజెప్తే చదువుతున్నట్టే ఉంటుంది. నడుమ ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇదేంది?’ అని అడిగితే తేలిపోతుంది.

ధారాళం. అంటే తడుముకోకుండా, అర్థం తెగకుండా చదవడం. 2021 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలి. మాటలు లెక్కపెట్టడంలో తెలుగుకు ఒక ఇబ్బంది ఉంది. ‘చదువుకుంటున్నాడు’ మనకు ఒక్క మాట. చాలా భాషల్లో అది రెండు మూడు మాటలు. అందుకే 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో మూడో తరగతి పిల్లల్ని పరీక్షించినప్పుడు ఏ భాష కొలత ఆ భాషకు విడిగా పెట్టింది. వేగం ధారాళంలో ఒక భాగమే. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా అందులోదే.

అవగాహన. చదివినదాన్ని మనసులో పెట్టుకొని తన మాటల్లో చెప్పగలగడం. పుస్తకంలో ‘పోయాడు’ అని ఉంటే మన పిల్లవాడు ‘పోయిండు’ అని చదువుతాడు. అది తప్పని ఆపేవాళ్లున్నారు. అతని కన్ను నడిమి అక్షరాన్ని పూర్తిగా చూడలేదన్నది నిజమే. అర్థం పట్టింది కాబట్టే నాలుక తన భాషలో పలికిందన్నదీ అంతే నిజం. అర్థం తెలియనివాడు అలా మార్చలేడు. ధారాళం చూసే రోజు దాన్ని గుర్తించండి, అవగాహన చూసే రోజు మెచ్చుకోండి. 2022 ఆగస్టులో తెలంగాణలో 1 నుంచి 5 తరగతులకు మొదలుపెట్టిన తొలిమెట్టు కార్యక్రమం కూడా పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని కాక, ఏ మెట్టు మీద ఉన్నాడని చూడమంటుంది. ఈ తేడాలు తెలియకపోతే మెట్టు గుర్తించడం కుదరదు.

చూచిరాత. చూసి రాయడం. చెయ్యి తిరుగుతుంది, దస్తూరి కుదురుతుంది. అంతకు మించి ఆశించొద్దు. ఒక్క అక్షరం చదవడం రానివాడు కూడా పేజీలు నింపగలడు.

ఉక్తలేఖనం. మనం డిక్టేషన్ అనేది, అంటే విని రాయడం. దీన్ని మార్కుల కోసం పెడితే సగం ప్రయోజనం పోతుంది. ‘ధర్మపురి’ చెప్పి రాయించండి. ‘దర్మపురి’ అని రాసినవాడు తన చెవికి వినిపించిందే రాశాడు, మన వాడుకలో ‘ధ’ ఒత్తి పలకం కదా. ‘ధరమపురి’ రాసినవాడికి వత్తు రాదు. ‘ధమ్రపురి’ రాసినవాడికి వత్తు తెలుసు, ఏది ముందో తెలియదు. ‘ధర్మపూరి’ రాసినవాడు పొట్టి అచ్చునూ పొడుగు అచ్చునూ విడదీయలేకపోతున్నాడు. నలుగురికీ ఒకే ఎర్ర గీత కొట్టి పదేసిసార్లు రాయిస్తే నలుగురిలో ఎవరికీ కావలసింది అందదు.

సొంత రాత. తన సంగతి తాను రాయడం. దీనికి వత్తులన్నీ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ‘మా అమ్మ తునికాకు కతిరిస్తది’ అని రెండో తరగతి పిల్ల పలక మీద రాసిందనుకోండి. ముందు వాక్యం చదివి, ఆకు ఎట్ల కత్తిరిస్తదో ఆ పిల్లనే చెప్పమనండి. తరవాత ‘కతి’ అని ఒకసారి, ‘కత్తి’ అని ఒకసారి పలికించి, తేడా చెవికి పట్టాక త వత్తు చేర్పించండి. ‘స్తది’ని ‘స్తుంది’గా మార్చే పని ఈ ఏడు పెట్టుకోవద్దు. పుస్తకాలు చదివే కొద్దీ ఆ రూపం తానే పరిచయమవుతుంది, అప్పుడు రెండూ ఉంటాయి.