కూలికి పోయిన సైకిలు

ఉయ్యాలవాడ అనగానే పాఠ్యపుస్తకం నరసింహారెడ్డి పేరు చెబుతుంది. 1846లో రేగిన తిరుగుబాటు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి, ఆ తర్వాత ఏళ్ల తరబడి కోటకు వేలాడిన తల, ఇవన్నీ మన పిల్లలకు తెలుసు. తెలియాలి కూడా. అదే ఊరి బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన సంగతీ జనం నోట నిలిచింది. అయితే ఆ అన్నం కోసం వచ్చినవాళ్లు ఎక్కడెక్కడి నుంచి నడిచారు, ఎన్నాళ్లు నడిచారు, మళ్లీ ఇల్లు చేరారా అన్నది ఎవరూ రాసి పెట్టలేదు. పెట్టినవారి చరిత్ర ఉంది, నడిచినవారి చరిత్ర లేదు.

కుందూ ఒడ్డునా నల్లమల అంచునా బతికిన ఎరుకల, సుగాలి, యానాది, చెంచు కుటుంబాల నుంచి చదువుకుని వచ్చినవాళ్లం మేము. పనికి పోయి ఇంటికి రావడం అనే మామూలు విషయానికి కూడా ఒక చరిత్ర ఉందని, అందులో సైకిలుకు పెద్ద చోటు ఉందని ఇక్కడ చెప్పదలచుకున్నాం.

ముందు నేల సంగతి. ఉయ్యాలవాడ చుట్టూ నల్లరేగడి. ఒక పక్క ఆళ్లగడ్డ, ఇంకో పక్క కోయిలకుంట్ల. కె.సి. కాలువ నీళ్లు పారినచోట వరి, పారనిచోట శనగ, జొన్న, పత్తి, మిరప. భూమి లేనివాడికి పని ఒక ఊళ్లో దొరకదు. నాట్లు ఒక దిక్కున, పత్తి తీత ఇంకో దిక్కున, శనగ పెరకడం మరో దిక్కున ఉంటాయి. సేద్యం పనులు లేనినాడు బనగానపల్లె, బేతంచెర్ల వైపు నాపరాళ్ల పని. పని ఎక్కడుంటే అక్కడికి మనిషి పోవాలి.

పోవడం మనవాళ్లకు కొత్త కాదు. సుగాలీలు ఎద్దుల మీద, ఎరుకలవాళ్లు గాడిదల మీద సరుకు మోసి బతికారు. సముద్రం దిక్కు నుంచి ఉప్పు తెచ్చి, లోపలి ఊళ్లలో అమ్మి, తిరుగుదారిలో ధాన్యం తీసుకుపోయేవారు. రైలు వచ్చాక, ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగిశాక ఆ బతుకు పోయింది. ఎరుకల, కొరవల విషయంలో ఇది ఎలా జరిగిందో మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు. ఉపాధ్యాయులు ఆమె రచన చూడాలి. దొంగలన్న ముద్ర పడకముందు మనవాళ్లు వ్యాపారులన్న మాట బడిలో మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

తర్వాత 1876-78 కరువు. కర్నూలు జిల్లా దారుణంగా దెబ్బతింది. అప్పుడు రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువు పనులకు కొత్త నియమాలు తెచ్చాడు. కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, దాంతోపాటు కాస్త చిల్లర. పౌను అంటే అరకిలో కూడా కాదు. దానికి తోడు దూరం పరీక్ష ఒకటి పెట్టాడు. శక్తి ఉన్న మనిషికి తన ఊరికి పది మైళ్ల లోపల పని ఇవ్వకూడదు. అంత దూరం నడిచి, పని దగ్గరి గుడారాల్లోనే పడి ఉండగలిగినవాడికే నిజంగా అవసరం ఉన్నట్టట! ఎండిన డొక్కతో పదహారు కిలోమీటర్లు నడిస్తేనే ఆకలి రుజువైనట్టు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని ఊరికి అయిదు కిలోమీటర్ల లోపల చూపించాలని, అంతకు మించితే పది శాతం కూలి ఎక్కువ ఇవ్వాలని రాసింది. ఈ రెండు నియమాలనూ పక్కపక్కన పెట్టి తరగతిలో చదివించి చూడండి.

నడిపించి చంపిన ప్రభుత్వమే తర్వాత కదలకుండా కట్టేసింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 చట్టంతో మద్రాసు రాజ్యానికీ వచ్చింది. ఎరుకలవాళ్లూ ఇంకా కొన్ని తెగలవాళ్లూ ఆ పట్టీలోకి ఎక్కారు. పేరు నమోదైనవాడు చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే ముందుగా చెప్పి చీటీ తీసుకోవాలి. కొందరిని స్టూవర్టుపురం, కర్నూలు జిల్లా సిద్ధాపురం వంటి సెటిల్మెంట్లలో పెట్టారు. మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. కాగితం మీద పోయిందని అనడం సరైన మాట. ఉదయం పొరుగూరికి కూలికి పోయి చీకటిపడ్డాక రావడం అనే పని, అందరూ పట్టించుకోకుండా చేసే పని, మన తాతల్లో చాలామందికి నేరంగా ఉండింది. సైకిలు కథ చదివేటప్పుడు ఇది మనసులో ఉంచుకోవాలి.

సైకిలు పుట్టుక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1885లో ఇంగ్లండులో స్టార్లీ చేసిన రోవర్ సైకిలు, 1888లో డన్లప్ గాలి టైరు, ఈ రెండూ కలిసి ఇవాళ్టి సైకిలు తయారైంది. మన దేశానికి అది దొరల బండిగా వచ్చింది. తర్వాత ఊరి పెద్ద రైతుకూ కరణానికీ చేరింది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో కంపెనీలు మొదలయ్యాకే సామాన్యుడికి దగ్గరైంది. అప్పుడు కూడా మన గూడేలకు కొత్త సైకిలు రాలేదు. ముందు అద్దె సైకిలు వచ్చింది, గంటకు ఇంతని చొప్పున. తర్వాత ఎవరో వాడి వదిలేసిన పాత రాడ్డు సైకిలు వచ్చింది, మడ్‌గార్డు లేనిది, బ్రేకు కట్టలు అరిగిపోయినది. కూలి డబ్బుల్లోంచి కొద్దికొద్దిగా కట్టి కొన్నారు. పెళ్లిలో వాచీతో పాటు సైకిలు అడిగే కాలం కూడా వచ్చింది. అది మనకు మంచి చేయలేదు, కానీ సైకిలు విలువ ఎంతో చెబుతుంది.

ఇక పనిరోజు. తెల్లారకముందే లేచి టైరు నొక్కి చూసుకోవాలి. మెత్తగా ఉంటే పంపు ఎవరింట్లో ఉందో వెతకాలి. హ్యాండిలుకు సద్దిమూట, అందులో సంగటి, ఊరుబిండి. క్యారియర్ మీద కొడవలి గోనెసంచిలో చుట్టి ఉంటుంది. రాడ్డు మీద తమ్ముడో కొడుకో, వెనక ఇంకొకరు. ఒక సైకిలు ముగ్గురికి కూలి సంపాదించేది. గంపలు అల్లేవాళ్ల సైకిలు వేరుగా ఉండేది. ఈతబరికె గంపలు ఒకదాన్లో ఒకటి దూర్చి, చేటలు రెండు పక్కలా వేలాడదీస్తే బండి వెడల్పు ఎద్దులబండి అంత అయ్యేది. చెట్టు నీడ లేని నల్లరేగడి మైదానంలో గాలి అడ్డంగా తోలితే తొక్కడం కుదరదు. దిగి, గాలి వైపు భుజం ఆనించి నెట్టుకుంటూ పోవాలి. మే నెలలో నంద్యాల ఎండ రాష్ట్రమంతా ఎరిగినదే. తిరుగుదారిలో సీటు కాలితే తడిగుడ్డ పరచుకునేవారు.

వానాకాలం ఇంకో చదువు. రేగడి మన్ను తడిస్తే చక్రానికి అంటుకుంటుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి టైరుకూ ఫోర్కుకూ మధ్య బిగుసుకుని చక్రం ఆగిపోతుంది. పుల్లతో గీకాలి, పది అడుగులు పోవాలి, మళ్లీ గీకాలి. చివరికి సైకిలు మనిషిని మోయదు, మనిషే సైకిలును భుజాన వేసుకుంటాడు. మడ్‌గార్డు లేని పాత సైకిలే ఇక్కడ మేలు! ఎండాకాలం కంపచెట్టు ముల్లు. అందుకే ట్యూబు ముక్క, సొల్యూషను, గరుకు కాగితం మూటలో ఉండేవి. పంచరు వేయడం వచ్చినవాడికి ఊళ్లో కాస్త మర్యాద ఎక్కువ. అలా నేర్చుకుని రోడ్డు పక్కన చెట్టు కింద షాపు పెట్టుకున్నవాళ్లు మనలో ఉన్నారు.

దారి ఒక్క మన్నుతోనే అడ్డుకోలేదు. కొన్ని ఊళ్లలో పెద్దవీధి వచ్చేసరికి మాలమాదిగలూ మనవాళ్లూ సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాలి. తొక్కుకుంటూ పోతే తిట్లు, ఒక్కోసారి దెబ్బలు. రాత్రిపూట లైటు లేదని, డబుల్స్ అని ఆపడం అందరికీ ఉండేది. ఎరుకల మనిషికి మాత్రం ఇంకో ప్రశ్న ఎక్కువ.

"యాడిది రా ఈ సైకిలు?"

"కొన్నదే సామీ. కూలికి పోయి వస్తాండా."

"రసీదు ఏదీ?"

సెకండ్‌హ్యాండు సైకిలుకు రసీదు ఎక్కడిది? చట్టం పోయిన ఇన్నేళ్లకు కూడా చీటీ అడిగే అలవాటు పోలేదు. అందుకే మన ఇళ్లలో సైకిలు కాగితం ఏదైనా ఉంటే, అమ్మినవాడు రాసిచ్చిన తెల్లకాగితమైనా సరే, ట్రంకుపెట్టెలో రేషను కార్డు పక్కన ఉండేది.

ఇన్ని ఉన్నా సైకిలు చేసిన పెద్ద పని ఒకటుంది. అది వేగం కాదు. పోయినవాడు ఆ రాత్రికే ఇల్లు చేరడం. నడిచే రోజుల్లో దూరపు పనికి కుటుంబమంతా సట్టీ కుండా ఎత్తుకుని సుగ్గికి పోయేది. కళ్లం పక్కనే కాపురం. పిల్లలూ అక్కడే. బడి రిజిస్టరులో వాళ్ల పేర్ల ఎదురుగా వరసగా గైర్హాజరు. తండ్రి సైకిలెక్కి పొద్దున పోయి సాయంత్రం వస్తే తల్లీపిల్లలు ఊళ్లో ఉండగలిగారు. పోలీసు హాజరు నుంచి బడి హాజరుకు మన కుటుంబాలు మారడంలో హాస్టళ్లు, పంతుళ్ల కృషి ఎంత ఉందో ఈ పాత ఇనుప బండి కృషీ అంత ఉందని మా అభిప్రాయం. తండాకు వచ్చే పంతులు కూడా చాలాచోట్ల సైకిలు మీదే వచ్చేవాడు. వాన పడితే పంతులు రాడు, ఎందుకు రాడో పిల్లలకు తెలుసు.

ఈ మేలు అందరికీ సమంగా అందలేదు. సైకిలు మగవాడిది. ఆడవాళ్లు గంప నెత్తిన పెట్టుకుని నడిచారు, లేదా క్యారియర్ మీద కూర్చున్నారు. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం సైకిలు తొక్కడాన్ని కూడా చదువులో భాగం చేసింది. కలెక్టరు షీలారాణి చుంకత్ అండగా నిలిచారు. కూలి ఆడవాళ్లు, క్వారీల్లో పనిచేసేవాళ్లు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. పాలగుమ్మి సాయినాథ్ దీన్ని రాశారు. మన ప్రాంతంలో అక్షరాస్యత వచ్చినప్పుడు పలకా బలపం వచ్చాయి గాని సైకిలు రాలేదు.

ఇంతమంది ఇన్నేళ్లు తొక్కినదానికి లెక్క ఉందా? 2011 జనాభా లెక్కల్లో పనికి ఎలా పోతారని, ఎంత దూరమని అడిగి దేశవ్యాప్తంగా పట్టికలు ఇచ్చారు. సుమారు 20 కోట్ల మంది లెక్కలోకి వచ్చారు. వారిలో 2 కోట్ల 60 లక్షల మందికి పైగా సైకిలు మీద పోతున్నారు. అయితే ఆ పట్టిక 'ఇతర పనివారి'ది. సేద్యగాళ్లు, వ్యవసాయ కూలీలు అందులో లేరు. ఆళ్లగడ్డలో ఆఫీసుకు పోయే గుమస్తా సైకిలు లెక్కకు వచ్చింది. ఉయ్యాలవాడ నుంచి శనగ చేనుకు పోయిన సైకిలు రాలేదు. వ్యవసాయ కూలీకి ఇల్లే పని అన్నట్టు!

కాబట్టి ఈ లెక్క మనమే రాయాలి. యువకులు ఇంట్లో పెద్దలను అడగండి: మొదటి సైకిలు ఏ ఏడు వచ్చింది, ఎంత కొన్నారు, దాని మీద ఏయే ఊళ్లకు ఏ పనికి పోయారు, ఎక్కడ దిగి నడవాల్సి వచ్చింది. తారీఖులు గుర్తుండవు. ఏ కరువుకు ముందు, ఏ వరదకు తర్వాత, ఎవరి పెళ్లప్పుడు అని అడిగితే గుర్తొస్తాయి.

ఇప్పుడు నంద్యాల నుంచి కోయిలకుంట్ల మీదుగా ఎర్రగుంట్లకు 2016 నుంచి రైలు నడుస్తోంది. కూలీలు ఆటోల్లో కిక్కిరిసి పోతున్నారు. యువకులు మోటారు సైకిలు వాయిదాలు కడుతున్నారు. పెద్దవాళ్ల రాడ్డు సైకిళ్లు గోడకు ఆని తుప్పు పడుతున్నాయి. 2017లో ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చాక మాత్రం కొన్ని ఇళ్లలో కొత్త బెల్లు మోగింది. అలాంటి ఇంట్లో మేము చూసినది ఇది: తండ్రి తెల్లారుజామున ఆ సైకిలు మీదే మిరపచేనుకు నీళ్లు కట్టడానికి పోతాడు. బడి గంటకు ముందే తెచ్చి వాకిట్లో నిలబెట్టాలి. ఆలస్యమైతే కూతురు ఊరుకోదు.