కిరణం ముందు చేయి పెట్టినవాళ్లు

నవంబర్ 8 ఎక్స్‌రే పుట్టినరోజు. 1895లో ఆ రోజున జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ కొత్త కిరణాల జాడ పట్టుకున్నాడు. మన ఖరగ్‌పూర్ జంక్షన్‌దీ దాదాపు ఆ వయసే. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ పట్టాలు పరిచిందీ, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మన తెలుగువాళ్లు పని వెతుక్కుంటూ రావడం మొదలైందీ ఆ కాలంలోనే.

ఇలాంటి కిరణాల సంగతి తెలియక ముందే వాటి దెబ్బ తిన్నవాళ్లున్నారు. 1556లో అచ్చయిన తన గనుల గ్రంథంలో జర్మన్ పండితుడు అగ్రికోలా, కార్పాతియన్ కొండల్లో ఏడేసిమంది మొగుళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్ల గురించి రాశాడు. నెపం దుమ్ము మీద పెట్టాడు. మూడు శతాబ్దాలు గడిచాక, 1879లో హార్టింగ్, హెస్సే అనే జర్మన్ వైద్యులు ష్నీబర్గ్ గనివాళ్లను చంపుతున్నది ఊపిరితిత్తుల్లోని ప్రాణాంతక కణితి అన్నారు. రాళ్లలోని యురేనియం నుంచి పుట్టి కిరణాలు వెదజల్లే రాడాన్ వాయువు దానికి కారణమని రుజువు కావడానికి ఇరవయ్యో శతాబ్దం రావాల్సి వచ్చింది.

ఈ కథలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం కలకత్తాలో జరిగింది. ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్ 1890ల చివర్లో రాంట్‌జెన్ యంత్రం ఒకటి సమకూర్చుకున్నాడు. అప్పటికే ఆయన కంటికి కనిపించని రేడియో తరంగాలతో గోడ అవతల గంట మోగించి, మందుగుండు పేల్చి చూపిన మనిషి. రవీంద్రనాథ్ టాగూర్‌కు రాసిన ఉత్తరంలో ఆయన ఈ యంత్రం ప్రస్తావన తెచ్చాడు. వెన్ను విరిగిన రోగిని దానితో పరీక్షించాలని, డాక్టర్ నీలరతన్ సర్కార్ మాట కాదనలేనని రాశాడు. లండన్ పండితులు చెవి ఒగ్గి విన్న శాస్త్రవేత్త, తన పని పక్కన పెట్టి ఎవరో రోగి ఎముక కోసం పొద్దున్నే కాలేజీకి బయల్దేరాడు. ఆ రోగి పేరు మనకు అందలేదు. ఈ దేశంలో ఎక్స్‌రే తొలి మెట్లలో ఒకటి అలా ఒక మనిషి నొప్పి దగ్గర పడడం నాకెంతో గర్వంగా అనిపిస్తుంది.

బోస్ చేతిలో రెండు రకాల తరంగాలూ ఉన్నాయి. రేడియో తరంగానికి అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరికే శక్తి లేదు. ఎక్స్‌రేకి ఉంది. అది ఒంట్లోకి దూరితే కణంలోని నీరు విడిపోయి, ఆ తునకలు డీఎన్‌ఏ పోగును తెంచుతాయి. కణం దాన్ని బాగు చేసుకోవచ్చు, చచ్చిపోవచ్చు, తప్పుగా అతుక్కుని బతకనూవచ్చు. ఎక్కువ కణాలు చస్తే రోజుల్లో, వారాల్లో చర్మం కమిలి, జుట్టు రాలి, ఎముకల మూలుగ ఎండి, పేగులు దెబ్బతింటాయి. తప్పుగా అతుక్కున్న కణం ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడొచ్చు. ఇలా ఆలస్యంగా బయటపడడం వల్ల తొలినాళ్లలో చాలామంది జంకలేదు. ట్యూబు సరిగ్గా ఉందో లేదో చూడడానికి పనివాళ్లు తమ చేతినే అడ్డం పెట్టుకునేవారు. ఎడిసన్ దగ్గర గాజు ఊదే పని చేసిన క్లారెన్స్ డాలీ అలా పుండ్లు పడి, చేతులు పోగొట్టుకుని, 1904లో 39 ఏళ్లకే పోయాడు.

అక్కణ్నుంచి కథ పలు దారులు పట్టింది. ఛాతీ ఎక్స్‌రేకి ఇప్పుడు దాదాపు 0.1 మిల్లీసీవర్ట్ రేడియేషన్ సరిపోతుంది. నేల నుంచీ ఆకాశం నుంచీ మనిషికి ఏటా సగటున అందేదే 2.4. డాక్టరు రాసిన ఎక్స్‌రేని భయపడి మానుకోవద్దు. క్యాన్సర్‌కి కరెంటు పెట్టేదీ ఇలాంటి కిరణాలతోనే. కానీ జాగ్రత్త తప్పితే ఇవే ప్రాణం తీస్తాయి: 2010లో ఢిల్లీ మాయాపురి పాతసామాన్ల బజారులో ఒకరిని చంపిన కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం ఒక విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన యంత్రంలోది.

ఆ దారుల్లో మన ఖరగ్‌పూర్‌కు దగ్గరిది టాటానగర్ లైను. ఝార్‌గ్రామ్, ఘాట్‌శిల దాటాక రాఖామైన్స్ స్టేషన్, దాని చేరువలో జాదుగూడ. 1967లో ఏర్పడిన యురేనియం కార్పొరేషన్ గని అది. అక్కడి ఖనిజం నుంచి తీసిన పసుపు యురేనియం పొడి హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు చేరుతూ వచ్చింది. చుట్టుపక్కల పల్లెల తల్లులు బిడ్డల అవిటితనానికి కారణం అడుగుతున్నారు. రేడియేషన్ హద్దుల్లోనే ఉందని కార్పొరేషన్ అంటుంది. అదే సంస్థ కడప జిల్లా తుమ్మలపల్లెలోనూ గని నడుపుతోంది. రాడాన్ దెబ్బ ఇరవై, ముప్ఫై ఏళ్లకు కూడా బయటపడొచ్చు కాబట్టి, గని దిగిన ప్రతి కార్మికుడి ఆరోగ్యాన్నీ పని మానేశాక కూడా అన్నేళ్లూ నమోదు చేయాలి. ఆ లెక్క కంపెనీ చేతిలో కాకుండా బయటి వైద్యుల చేతిలో ఉండాలి, ఊరివాళ్లు అడిగితే చూపించాలి.