దసరా గుమ్మడికాయ: ఒకటి మనది, ఒకటి ఓడెక్కి వచ్చింది

అక్టోబర్ వచ్చిందంటే మీ ఇన్‌స్టాలో ఒకే రకం ఫొటోలు వరసగా వస్తుంటాయి, గమనించారా? అమెరికాలో ఉన్న అక్కా బావా పిల్లల్ని తీసుకుని ఒక పొలానికి వెళ్తారు. ఎక్కడ చూసినా నారింజ రంగు గుమ్మడికాయలే. ఇక్కడి నుంచి వెళ్లిన తాతగారు మంకీ క్యాప్ పెట్టుకుని, నాన్నమ్మ చీర మీద స్వెట్టర్ వేసుకుని ఆ కాయల మధ్య నిలబడతారు. మనవడి చేతిలో వాడి సైజు గుమ్మడికాయ. దాన్ని పంప్‌కిన్ ప్యాచ్ అంటారు. ఏటా వెళ్లడం అక్కడ ఒక ఆనవాయితీ. కింద ఎవరో ఒకరు కామెంట్ పెడతారు: "గుమ్మడికాయ కోసం టికెట్ కొనుక్కుని వెళ్లాలా బాబూ?"

సరదాగా ఉంది. కానీ ఆ తాతగారిది శ్రీకాకుళమో విజయనగరమో అయితే, ఆయనకి ఈ పని కొత్తేమీ కాదు. దసరా సెలవులకి మనవలు ఊరొస్తే, పెరట్లోకి తీసుకెళ్లి, పాదు ఆకులు పక్కకి తీసి, లోపల దాక్కున్న కాయ చూపించడం మన పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. మనం దానికి పేరు పెట్టలేదు, టికెట్ పెట్టలేదు, అంతే. ఈరోజు ఎపిసోడ్ ఆ గుమ్మడికాయ చరిత్ర మీద.

ముందు ఒక సామెతతో మొదలుపెడదాం. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు." ఇది అందరికీ తెలుసు. కానీ ఒక్క నిమిషం లాజిక్ ఆలోచించండి. దొంగ భుజాలే ఎందుకు తడుముకోవాలి? నారింజ రంగు కాయ భుజాన పెట్టుకుంటే ఏమీ అంటదు కదా. అంటేది బూడిద గుమ్మడికాయ. ముదిరిన కాయ మీద తెల్లటి పొడి ఉంటుంది. అది బూడిద కాదు, ఒక రకం మైనం. కాయలో నీరు ఆరిపోకుండా అదే కాపాడుతుంది. అందుకే బూడిద గుమ్మడి కోసి అటక మీద పెడితే నెలల తరబడి నిలవుంటుంది. ఆ కాయ భుజాన వేసుకుని పారిపోయినవాడికి ఆ తెలుపు అంటుకుంటుంది. అదీ సామెత వెనక సంగతి.

అంటే ఈ సామెతలో ఉన్నది బూడిద గుమ్మడి. ఇక్కడి నుంచి కథ రెండు దారులు పడుతుంది. మనం గుమ్మడి అని పిలిచే కాయలు రెండు. రెండూ దోస, సొర, కాకర కుటుంబానికే చెందినా, పుట్టిన చోట్లకి మధ్య మహాసముద్రాలున్నాయి.

బూడిద గుమ్మడి ఆసియాది. సంస్కృతంలో దీన్ని కూష్మాండం అంటారు. దసరా నవరాత్రుల్లో కొలిచే నవదుర్గల్లో నాలుగో అమ్మవారి పేరు కూష్మాండ. ఆయుర్వేదంలో కూష్మాండ లేహ్యం ఉంది. ఆగ్రా వెళ్లినవాళ్లు తెచ్చే పేఠా మిఠాయి కూడా ఈ కాయతో చేసిందే.

రెండోది తీపి గుమ్మడి. పులుసులో, దప్పళంలో పడే నారింజ రంగు కాయ. ఇది అమెరికా ఖండాలది. మెక్సికోలో ఓహాకా ప్రాంతంలో గీలా నకిట్స్ అనే గుహ ఉంది. అందులో దొరికిన గుమ్మడి జాతి గింజల్ని పరీక్షిస్తే, అక్కడి మనుషులు దాదాపు 10,000 ఏళ్ల క్రితమే దీన్ని పండించారని తేలింది. మొక్కజొన్న కంటే ముందే మచ్చికైన పంట ఇది. 1492లో కొలంబస్ అటు వెళ్లాడు. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాడు. ఆ తర్వాత యూరప్ ఓడల రాకపోకల్లోనే మిరపకాయ, టమాటా, బంగాళదుంప, జీడిమామిడి, బొప్పాయి, జామ మన దేశానికి చేరాయి. తీపి గుమ్మడిదీ అదే దారి. ఉద్దానం అంటే జీడితోటలు అనుకుంటాం కదా, ఆ జీడిమామిడి కూడా ఓడ దిగిన మొక్కే.

దీనికి సాక్ష్యం పేర్లలోనే దొరుకుతుంది. తమిళంలో తీపి గుమ్మడిని పరంగికాయ్ అంటారు. పరంగి అంటే ఫిరంగివాళ్లు, అంటే యూరప్ వాళ్లు. మన తెలుగులో కొన్ని చోట్ల బొప్పాయిని పరంగి అనేది ఇందుకే. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అక్కడ గుమ్మడికి బొయితాళు అనే పేరుంది. ఒడియాలో బొయిత అంటే ఓడ.

మరి మనం ఏం చేశాం? కొత్త కాయకి కొత్త పేరు వెతకలేదు. పాత పేరే ఇచ్చేశాం. తమాషా ఏంటంటే, ఇప్పుడు సంతలో "గుమ్మడికాయ" అని అడిగితే చాలాసార్లు తీపిదే ఇస్తారు. ఎప్పటి నుంచో ఉన్నదాన్ని అడగాలంటే ముందు "బూడిద" అని తగిలించాలి. ఓడ దిగినవాడు ఇంటిపేరు తీసుకుని కూర్చున్నాడు!

అమెరికా వైపు కథ కూడా చిన్నగా చెప్పేస్తాను. హాలోవీన్‌కి కాయలో దీపం పెట్టే అలవాటు ఐర్లాండ్ నుంచి వచ్చింది. అక్కడ టర్నిప్ దుంపల్ని తొలిచేవాళ్లు. వలస వెళ్లినవాళ్లకి అమెరికాలో పెద్ద గుమ్మడికాయ కనిపించింది, తొలవడం తేలిక, దుంప పోయి కాయ వచ్చింది. వలస వెళ్లినవాళ్లు పండగని వెంట తీసుకెళ్లి, అక్కడ దొరికినదానితో చేసుకున్నారు. మన అక్కా బావా ఇప్పుడు చేస్తున్నదీ అదే కదా.

ఇప్పుడు మన దసరాకి వద్దాం. ఆయుధపూజ రోజు ట్రాక్టర్‌కి, ఆటోకి, లారీకి, షాపుకి పసుపు కుంకుమ పెట్టి బూడిద గుమ్మడికాయ కొడతారు. కొత్త ఇంటికి దిష్టి తగలకుండా కట్టేదీ అదే. దీన్ని కూష్మాండ బలి అంటారు. ప్రాణికి బదులు కాయని అర్పించడం అన్నమాట. పగలగొట్టి లోపల కుంకుమ వేసేది అందుకే. సినిమా వాళ్ల భాషలో కొబ్బరికాయ కొడితే షూటింగ్ మొదలు, గుమ్మడికాయ కొడితే షూటింగ్ ఖతం. అది కూడా ఈ దిష్టి లెక్కే. అన్నట్టు, కొట్టిన ముక్కలు రోడ్డు మధ్యలో వదిలేయకండి. రాత్రిపూట బైక్ మీద వచ్చేవాడు జారిపడితే ఆ దిష్టి వాడికి తగిలినట్టే.

చాలా ఇళ్లల్లో ఇంకో ఆచారం ఉంది. నిండు గుమ్మడికాయకి మొదటి కత్తి వేటు ఆడవాళ్లు వేయరు. ఇంట్లో తాతో, నాన్నో రెండు చెక్కలు చేసి ఇస్తే, మిగతా కోత అంతా ఆడవాళ్లు చూసుకుంటారు. ఎందుకని అడిగితే "అలాగే చేస్తారు" అంటారు. కాయ బలికి ప్రతినిధి అని గుర్తుపెట్టుకుంటే, ఆ వంటింటి నియమం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

విజయనగరంలో అయితే దశమితో పండగ అయిపోదు. తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుని, గుడికి కోటకి మధ్య మూడుసార్లు తిరుగుతారు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధంతో, విజయరామరాజు చెల్లెలి కథతో ముడిపడిన పండగ ఇది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తాతలు, మామ్మలు మనవల చెయ్యి పట్టుకుని వస్తారు. సెలవులకి వచ్చిన పిల్లలు ఆ మంగళవారం దాకా ఉండిపోయేది అందుకే.

ఈ రోజులకి పాదు ఎక్కడుంటుందో చూడండి. వానలు మొదలైనప్పుడు గింజ పెడితే మూడు నాలుగు నెలల్లో కాయ. అంటే దసరాకి పాదు పాక మీదకి ఎక్కేసి ఉంటుంది. అక్కడి నుంచి సంక్రాంతి దాకా కాయలే. మామ్మ దగ్గర దీని మీద పెద్ద సబ్జెక్టే ఉంటుంది. "ఓలే గుంటా, పిందున్న పువ్వు ముట్టకు" అంటుంది. గుమ్మడికి మగ పువ్వులు వేరు, ఆడ పువ్వులు వేరు. ఆడ పువ్వు వెనక చిన్న పిందె ఉంటుంది. మగ పువ్వుకి ఉత్త కాడే. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద మగ పువ్వులు కోసి పెడితే కాపు తగ్గదు. నేను ఇంటర్‌లో బోటనీ చదవలేదు. ఎంపీసీ, తర్వాత బీటెక్. ఈ పాఠం పాదు దగ్గర నేర్చుకున్నదే.

వడియాలదీ అంతే. బూడిద గుమ్మడి ముక్కలకి ఉప్పు రాసి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా బరువు పెట్టి నీరు దించాలి. మర్నాడు మినప్పిండి, పచ్చిమిర్చి కలిపి ఎండలో పెట్టాలి. నీరు సరిగ్గా దిగకపోతే వడియం ఎండదు, మబ్బు పడితే బూజు పడుతుంది. కాకుల కాపలా మనవల డ్యూటీ.

కానీ మన దగ్గర అక్టోబర్ అంటే ఇంకో భయం కూడా ఉంది. తేదీలు చూడండి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ, పలాస దగ్గర తీరం దాటింది. నవరాత్రులు మొదలైన మర్నాడు! ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క మళ్లీ పెడితే కాపు రావడానికి ఏళ్లు పడుతుంది. గుమ్మడి పాదు కూడా గాలికి పోతుంది, కానీ గింజ చేతిలో ఉంటే మూడు నాలుగు నెలల్లో మళ్లీ కాయ కాస్తుంది. మామ్మలు గింజల్ని బూడిదలో కలిపి డబ్బాలో ఎందుకు దాచేవాళ్లో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. అది ఆ ఇంటికి బ్యాకప్.

ఇప్పుడు అసలు సమస్య. పాకలు పోయి స్లాబులు వచ్చాయి. అది మంచిదే, తుపానుకి పాక నిలబడదు. కానీ పాదు ఎక్కే చోటు పోయింది. మనలాంటివాళ్లం చదువుకి వైజాగ్, ఉద్యోగానికి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వెళ్లిపోయాం. కూలి పనులకి వెళ్లినవాళ్లు అంతకంటే ఎక్కువ. ఊళ్లో ఇద్దరు ముసలివాళ్లు, ఇద్దరికీ బీపీ మాత్రలు. ఇద్దరి కోసం ఎవరు గింజ పెడతారు? ఒక్క ఏడాది పెట్టకపోతే గింజ పాతబడుతుంది. మూడు నాలుగేళ్లు వరసగా పెట్టకపోతే మొలక రావడం కష్టం. ప్యాకెట్ గింజ బజార్లో దొరుకుతుంది, నిజమే. కానీ మీ పెరటి మట్టిలో, మీ ఊరి వానలో తరాలుగా బాగా కాసిన కాయ నుంచి ఏరి దాచిన గింజ ఆ ప్యాకెట్లో ఉండదు.

అందుకని ఈ దసరాకి ఒక చిన్న పని. ఊరెళ్తే మామ్మనో అమ్మమ్మనో అడగండి: గింజలు ఉన్నాయా, ఎవరి దగ్గర తెచ్చావు, ఏ కాయ గింజ దాస్తావు, దేనివి పారేస్తావు అని. ఫోన్‌లో రికార్డ్ చేయండి. పది గింజలు కాగితంలో చుట్టి తెచ్చుకోండి. అపార్ట్‌మెంట్ అయితే టెర్రస్ మీద పెద్ద డ్రమ్ము చాలు. వెళ్లడం కుదరకపోతే వీడియో కాల్ చేసి పెరట్లోకి నడవమనండి. అమెరికాలో పొలం మధ్య నిలబడ్డ ఆ తాతగారిని కూడా అడగండి, మీ ఊళ్లో పాదు ఎక్కడ ఉండేదని. ఫొటో కంటే పెద్ద కథ బయటికొస్తుంది.

మీ ఇంట్లో గుమ్మడికాయకి మొదటి వేటు ఎవరు వేస్తారో, మీ ఊళ్లో దాన్ని ఏమంటారో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.