ఫ్రెంచి ఆయుధ పరిశ్రమ, ఆసియా కర్మాగారాలు: రూపకల్పన అధికారం చేతులు మారిందా?

ఫ్రాన్స్ ఆయుధ పరిశ్రమ సొంత సైన్యం ఇచ్చే ఆర్డర్లతోనే ఎన్నడూ నిలబడలేదు. 1958లో తిరిగి అధికారంలోకి వచ్చిన ద గాల్, అణ్వస్త్రాలు మొదలుకొని యుద్ధవిమానాలు, జలాంతర్గాముల దాకా అన్నీ స్వదేశంలోనే తయారు కావాలని పట్టుబట్టాడు. ఆయుధాల రూపకల్పనను, కొనుగోళ్లను ఒక్కచోటికి తెస్తూ 1961లో ఒక ప్రభుత్వ శాఖ ఏర్పడింది. నేడు డీజీఏ అంటున్నది దాన్నే. 1966లో ఫ్రాన్స్ నాటో ఉమ్మడి సైనిక కమాండ్ నుంచి బయటికి వచ్చింది. ఈ స్వాతంత్ర్యం ఖరీదైనది. కొత్త యుద్ధవిమానం పరిశోధనకు అయ్యే ఖర్చును అమెరికా వేల విమానాల మీద పంచుకోగలదు. ఫ్రాన్స్ వందల్లోనే సర్దుకోవాలి. మిగిలిన భారం దించుకోవడానికీ, రెండు సొంత ఆర్డర్ల మధ్య కర్మాగారం మూతపడకుండా ఉండడానికీ విదేశీ కొనుగోలుదారు కావాలి. అలాంటి కొనుగోలుదారు ఆసియాలో చాలాసార్లు దొరికాడు.

కొత్తగా స్వాతంత్ర్యం పొందిన ఆసియా దేశాల అవసరం వేరు. అవి ఒకే అగ్రరాజ్యం మీద ఆధారపడదలచుకోలేదు. ఆయుధంతో పాటు దాన్ని తయారుచేసే విద్య కూడా తమ గడ్డ మీదికి రావాలని కోరుకున్నాయి. ఈ రెండు అవసరాలూ కలిసిన చోట ఒప్పందాలు పుట్టాయి. వాటి ఫలితాన్ని కొలవడానికి ఉత్పత్తి అయిన ఆయుధాల సంఖ్య చాలదు. డ్రాయింగు మార్చే హక్కు ఎవరికి ఉంది, మార్చాక అది భద్రమేనని ధ్రువీకరించగల సామర్థ్యం ఎవరి దగ్గర ఉంది, మరో దేశపు క్షిపణిని ఆ విమానానికి అమర్చాలంటే ఎవరి అనుమతి కావాలి అన్నవే అసలు కొలమానాలు. పరిశ్రమ పరిభాషలో ఇదే రూపకల్పన అధికారం. ఏడు దశాబ్దాల ఫ్రాన్స్–ఆసియా సంబంధాల్లో కర్మాగారాలు చేతులు మారినంత సులువుగా ఈ అధికారం మారలేదు.

భారతదేశం మొదట నేరుగా కొన్నది. 1953లో వచ్చిన ఊరగాన్ విమానాలకు మన వైమానిక దళం తూఫానీ అని పేరు పెట్టుకుంది; ఆ తరవాత మిస్టేర్ వచ్చింది. కర్మాగారం దాకా వచ్చిన తొలి ముఖ్యమైన ఒప్పందం 1962 నాటిది. అలువెట్ 3 హెలికాప్టర్‌ను చేతక్ పేరుతో బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) లైసెన్సు మీద తయారుచేసింది. చీతా కథ మరింత ఆసక్తికరం. హిమాలయాల ఎత్తుల్లో బరువు మోయగల హెలికాప్టర్ కావాలని భారత సైన్యం అడగడం వల్లనే ఫ్రెంచి ఇంజనీర్లు అలువెట్ 2 చట్రాన్నీ, అలువెట్ 3 ఇంజన్నూ కలిపి లామాను రూపొందించారు. 1972లో అది 12,442 మీటర్ల ఎత్తుకు ఎగిరి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సియాచిన్ శిబిరాలకు దశాబ్దాలుగా ఆహారం, మందులు చేరవేసింది దాని భారతీయ రూపమైన చీతాయే. అవసరం మనదే అయినా రూపకల్పన మాత్రం ఫ్రాన్స్‌లోనే జరిగింది. ఇక్కడ పోయిన అవకాశాన్ని చరిత్రకారులు తగినంతగా పట్టించుకోలేదు.

క్షిపణుల విషయంలో ఇదే కథ హైదరాబాదులో నడిచింది. 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్ (బీడీఎల్) తొలి ఉత్పత్తి ఫ్రెంచి ఎస్ఎస్-11 ట్యాంకు విధ్వంసక క్షిపణి. ప్రయోగించినవాడు కంటితో లక్ష్యాన్నీ క్షిపణినీ చూస్తూ, తీగ ద్వారా సంకేతాలు పంపి దాన్ని చేత్తో నడిపించాలి. తరవాత ఫ్రాన్స్, జర్మనీ కలిసి స్థాపించిన యూరోమిస్సైల్ లైసెన్సుతో మిలాన్ వచ్చింది. ఇందులో లక్ష్యం మీద గురి నిలిపితే చాలు. దారి సరిదిద్దే పని పరికరమే చూసుకుంటుంది. నాణ్యత తనిఖీ, పేలుడు పదార్థాలను జాగ్రత్తగా కూర్చడం, సూక్ష్మమైన యాంత్రిక భాగాలను ఒకే కొలతతో వేల సంఖ్యలో తీయడం వంటి పనుల్లో హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని బీడీఎల్ కార్మికులు ఆరితేరారు. ఆ తరవాత పృథ్వి, ఆకాశ్ క్షిపణుల ఉత్పత్తిని బీడీఎల్ చేపట్టగలిగిందంటే ఈ అనుభవం పునాదిగా ఉంది కాబట్టే. అయితే ట్యాంకు విధ్వంసక క్షిపణుల్లో పరాధీనత వెంటనే తొలగలేదు. 1983లో మొదలైన సమీకృత క్షిపణి కార్యక్రమంలో భాగమైన నాగ్ తుది పరీక్షలు ముగించుకున్నది 2020లో. ఆ మరుసటి ఏడాది మార్చిలో సైన్యానికి 4,960 మిలాన్-2టీ క్షిపణులు అందించడానికి రూ. 1,188 కోట్ల ఒప్పందం మళ్లీ బీడీఎల్‌కే దక్కింది. అరవైల, డెబ్బైల నాటి ఐరోపా రూపకల్పన 2021లోనూ హైదరాబాదులో తయారవుతోంది. తయారుచేసే నైపుణ్యం ఎంత వచ్చినా, కొత్తది రూపొందించే బృందాన్ని అది దానంతటది పుట్టించదని ఈ ఉదాహరణ స్పష్టంగా చెబుతుంది.

జలాంతర్గాముల చరిత్ర ఇంకా కఠినమైన పాఠం. ముంబయిలోని మజగావ్ డాక్ అంతకుముందే జర్మన్ హెచ్‌డీడబ్ల్యూ రూపకల్పనతో రెండు జలాంతర్గాములు నిర్మించింది. రెండోది శంకుల్ 1994లో నౌకాదళంలో చేరింది. ముడుపుల వివాదంతో ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఆర్డర్లు లేని ఏళ్లలో ప్రత్యేక ఉక్కును అతికే వెల్డర్లు, పర్యవేక్షకులు చెదిరిపోయారు. 2005 అక్టోబరులో ఆరు స్కార్పీన్ జలాంతర్గాములకు ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరేసరికి చాలా విద్యలు మొదటి నుంచి నేర్వాల్సి వచ్చింది. మొదటిది 2012లో రావాల్సింది. కల్వరి పేరుతో నౌకాదళంలో చేరింది 2017 డిసెంబరు 14న. ఆరోది వాగ్‌షీర్ 2025 జనవరి 15న చేరింది. ఇరవై ఏళ్ల ఈ ప్రయాణంలో మరో లోపం బయటపడింది. ఇటలీ నుంచి కొనదలచిన బ్లాక్ షార్క్ టార్పిడోల కొనుగోలు, వాటి తయారీ సంస్థ ఉన్న కంపెనీల గ్రూపు హెలికాప్టర్ల కుంభకోణంలో చిక్కుకోవడంతో రద్దయింది. ఆధునిక జలాంతర్గామి సిద్ధంగా ఉన్నా దానికి తగిన టార్పిడో లేకపోయింది. వేరే టార్పిడో అమర్చాలంటే పోరాట నియంత్రణ వ్యవస్థను మార్చాలి, ఆ తాళంచెవి స్కార్పీన్‌ను రూపొందించిన ఫ్రెంచి సంస్థ నేవల్ గ్రూప్ దగ్గరుంది. 2024 డిసెంబరు 30న కుదిరిన రెండు ఒప్పందాలు ఈ నేపథ్యంలోనే అర్థమవుతాయి. భారత రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రూపొందించిన భారీ టార్పిడోను స్కార్పీన్‌తో అనుసంధానించే పని నేవల్ గ్రూప్‌కు రూ. 877 కోట్లకు అప్పగించారు. నీటి పైకి రాకుండా ఎక్కువ కాలం ఉండడానికి డీఆర్‌డీఓ తయారుచేసిన ఫ్యూయల్ సెల్ వ్యవస్థ కోసం జలాంతర్గామి మధ్యలో చేర్చే భాగాన్ని నిర్మించే పని దాదాపు రూ. 1,990 కోట్లకు మజగావ్ డాక్‌కు దక్కింది. మన టార్పిడోను మనం నిర్మించిన జలాంతర్గామిలో పెట్టుకోవడానికి కూడా మూల రూపకర్తకు డబ్బు చెల్లించక తప్పలేదు.

ఇంకా విచిత్రం ఏమిటంటే, తరవాతి తరం జలాంతర్గాముల పోటీ నుంచి నేవల్ గ్రూప్ 2022లో తప్పుకుంది. సముద్రంలో ఇప్పటికే నిరూపితమైన ఫ్యూయల్ సెల్ వ్యవస్థ ఉండాలన్న షరతును ఫ్రాన్స్ నెరవేర్చలేకపోయింది. మజగావ్ డాక్ ఇప్పుడు జర్మన్ సంస్థ టీకేఎమ్ఎస్‌తో జతకట్టింది. ఆరు స్కార్పీన్లతో చేతికందిన నైపుణ్యం జర్మన్ డ్రాయింగులకు ఎంతవరకు పనికొస్తుందన్నది ముంబయి ఇంజనీర్లు ఎదుర్కోబోయే నిజమైన ప్రశ్న.

ఇతర ఆసియా దేశాలను పక్కన పెట్టి చూస్తే భారత అనుభవం సగమే అర్థమవుతుంది. పాకిస్తాన్ 1994లో మూడు అగోస్టా 90బీ జలాంతర్గాములకు ఒప్పందం చేసుకుంది. మొదటిది ఫ్రాన్స్‌లో, తక్కినవి కరాచీలో తయారయ్యాయి. ఆ పని మీద కరాచీ వచ్చిన ఫ్రెంచి సిబ్బంది 11 మంది 2002 మే 8న బాంబు దాడిలో చనిపోయారు. తరవాతి తరానికి పాకిస్తాన్ చైనా వైపు మళ్లింది. సింగపూర్ పద్ధతి ఇందుకు భిన్నం. లాఫయెట్ తరగతి ఆధారంగా ఆరు ఫార్మిడబుల్ యుద్ధనౌకలను ఎంచుకుని, మొదటిదాన్ని ఫ్రాన్స్‌లోని లోరియాంలో కట్టించి, తన ఇంజనీర్లను అక్కడికి పంపి, మిగిలిన ఐదింటిని స్వదేశంలో నిర్మించింది. నౌకలో ఏ సెన్సరు, ఏ క్షిపణి ఉండాలో, వాటిని ఎలా కలపాలో తానే నిర్ణయించుకుంది. చిన్న దేశమే అయినా, ఏం నేర్చుకోవాలో ముందే రాసిపెట్టుకున్నది. ఒప్పందాల చరిత్ర చదివేవారికి ఈ ముందుచూపే సింగపూర్ విజయ రహస్యంగా కనిపిస్తుంది.

చైనా వేరే దారి తొక్కింది. 1980లో డోఫాన్ హెలికాప్టర్‌కు లైసెన్సు తీసుకుని హార్బిన్‌లో జెడ్-9గా తయారుచేసింది. 1989 తియానన్‌మెన్ అణచివేత తరవాత ఐరోపా ఆయుధ నిషేధం విధించింది. చైనా ఇంజనీర్లు చేతికందిన హెలికాప్టర్‌ను విడిచిపెట్టలేదు. భాగాలను ఒక్కొక్కటిగా దేశీయం చేసి, సాయుధ రూపాలు తీసి, చివరకు అదే వంశంలోంచి జెడ్-19 దాడి హెలికాప్టర్‌ను పుట్టించారు. దక్షిణ కొరియా సూరియన్ హెలికాప్టర్ కోసం యూరోకాప్టర్‌ను భాగస్వామిగా తీసుకుంది. 2010లో అది తొలిసారి ఎగిరింది. ఇండొనేసియాలో బాండుంగ్ కర్మాగారం సూపర్ ప్యూమాలను కూర్చింది, కానీ 1997 ఆర్థిక సంక్షోభం ఆ పరిశ్రమను కుదిపేసింది. అదే ఇండొనేసియా 2022లో 42 రఫేల్ విమానాలకు, 2024లో సురబయాలోని పీటీ పాల్ యార్డులో నిర్మించే రెండు స్కార్పీన్లకు ఒప్పందాలు చేసుకుంది.

ఫ్రాన్స్ షరతులు లేని అమ్మకందారు అన్న మాట పూర్తిగా నిజం కాదు. 1967లో ఇజ్రాయెల్‌కు మిరాజ్ విమానాలు ఆపింది. తైవాన్‌కు లాఫయెట్ నౌకలు, మిరాజ్ 2000-5 విమానాలు అమ్మి, 1994లో ఇకపై అమ్మబోమని బీజింగ్‌కు మాట ఇచ్చింది. భారతదేశానికి మాత్రం 1998 మే అణుపరీక్షల తరవాత ఫ్రాన్స్‌కూ అమెరికాకూ ఉన్న తేడా తెలిసివచ్చింది. అమెరికా ఆంక్షలు విధించింది, ఫ్రాన్స్ విధించలేదు. అదే ఏడాది జనవరిలో గణతంత్ర దినోత్సవ అతిథిగా వచ్చిన ఫ్రెంచి అధ్యక్షుడు షిరాక్ కాలంలో మొదలైన వ్యూహాత్మక భాగస్వామ్యానికి అది అసలైన పరీక్ష. 2021లో ఆస్ట్రేలియా 12 జలాంతర్గాముల ఒప్పందాన్ని రద్దు చేసుకుని అమెరికా, బ్రిటన్‌ల వైపు వెళ్లడంతో పారిస్‌కు ఢిల్లీ, జకార్తాల విలువ మరింత పెరిగింది.

రఫేల్ వ్యవహారంలో రాజకీయ గొంతులు పెద్దవై పారిశ్రామిక ప్రశ్న వెనక్కి పోయింది. 126 విమానాల పోటీలో 2012 జనవరిలో రఫేల్ గెలిచింది. 18 విమానాలు ఫ్రాన్స్ నుంచి, 108 హెచ్ఏఎల్ నుంచి రావాలి. బెంగళూరులో తయారైన విమానానికి ఎవరు పూచీ, అక్కడ ఎన్ని పనిగంటలు పడతాయి అన్న చోట చర్చలు చిక్కుపడ్డాయి. 2016 సెప్టెంబరు 23న 36 విమానాలకు 7.87 బిలియన్ యూరోల ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. దేశంలో ఉత్పత్తి లేదు, బదులుగా ఆఫ్‌సెట్లు, అంటే ఒప్పందం విలువలో 50 శాతాన్ని భారత పరిశ్రమలోకి మళ్లించే బాధ్యత. అందులో 30 శాతం బాధ్యతను డీఆర్‌డీఓకు ఉన్నత సాంకేతికత అందించి తీరుస్తామని తొలి ప్రతిపాదన. స్వదేశీ యుద్ధవిమాన ఇంజన్ కావేరికి సాయం కోరిన డీఆర్‌డీఓకు ఆ సాంకేతికత ఇస్తామని అమ్మకందారు సంస్థలు ఇంకా ధ్రువీకరించలేదని 2020 సెప్టెంబరులో కాగ్ నివేదిక పేర్కొంది. ఆఫ్‌సెట్ పద్ధతి మూలంలోనే ఈ బలహీనత ఉంది: డబ్బులో లెక్కించిన బాధ్యతను తేలికైన విడిభాగాలతో తీర్చుకోవచ్చు, కఠినమైన విద్యను ఇవ్వాల్సిన పని లేదు. 2025 ఏప్రిల్‌లో నౌకాదళానికి 26 రఫేల్-ఎమ్ విమానాల ఒప్పందం సుమారు రూ. 63,000 కోట్లకు కుదిరింది. ఆ జూన్‌లో రఫేల్ తయారీ సంస్థ దసో, టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ చేసుకున్న ఒప్పందాల ప్రకారం రఫేల్ మొండెం భాగాలు హైదరాబాదులో తయారవుతాయి. ఫ్రాన్స్ బయట ఈ పని జరగడం ఇదే మొదలు. నెలకు రెండు మొండేల దాకా లక్ష్యం. మంచి కొలువులు వస్తాయి, కచ్చితమైన లోహపు పనిలో కొత్త ప్రమాణాలు వస్తాయి. రాడార్ సాఫ్ట్‌వేర్, ఇంజన్ లోపలి వేడి భాగాలు మాత్రం దీనితో రావు.

నిజంగా విద్య బదిలీ అయిన సందర్భాలు వేరే చోట ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది రక్షణ రంగానిది కాదు, దాని సోదర రంగమైన రోదసిది. 1974లో ఇస్రో ఫ్రెంచి సంస్థ ఎస్ఈపీతో ఒప్పందం చేసుకుంది. నగదు చెల్లింపులకు బదులు భారత ఇంజనీర్లు ఫ్రాన్స్‌లోని వెర్నాన్‌లో వైకింగ్ రాకెట్ ఇంజన్ పనిలో పాల్గొన్నారు. ఫ్రెంచివారికి పీడన మాపకాలు ఇక్కడి నుంచి వెళ్లాయి. నంబి నారాయణన్ నాయకత్వంలోని ఆ బృందం డ్రాయింగులతో పాటు అవి ఎందుకు అలా ఉన్నాయో కూడా తెలుసుకుని తిరిగివచ్చింది. ఆ విద్యతో రూపొందిన వికాస్ ఇంజన్లు నేటికీ పీఎస్ఎల్‌వీ, ఎల్‌వీఎమ్3 రాకెట్లను నడుపుతున్నాయి. వాటిని తయారుచేసే సంస్థల్లో ఒకటి హైదరాబాదులోని ఎమ్‌టీఏఆర్. హెలికాప్టర్లలో శక్తి ఇంజన్ ఇదే కోవకు చెందుతుంది. ఫ్రెంచి సంస్థ టర్బోమెకా, హెచ్ఏఎల్ కలిసి అభివృద్ధి చేసిన ఈ ఇంజన్ ధ్రువ్, రుద్ర, ప్రచండ్‌లకు ఎత్తైన ప్రదేశాల్లో బలమిచ్చింది. అభివృద్ధి దశలోనే వాటా ఉండడం వల్ల హెచ్ఏఎల్ ఇంజనీర్లకు పరీక్షల సమాచారం అందింది, మార్పుల మీద మాట చెల్లింది.

ఈ అనుభవమే ఇప్పుడు ఐదో తరం యుద్ధవిమానం ఇంజన్ చర్చల్లో కొలబద్ద. ఫ్రెంచి ఇంజన్ల సంస్థ సఫ్రాన్‌తో కలిసి ఇంజన్‌ను భారతదేశంలో అభివృద్ధి చేస్తామని రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ 2025 ఆగస్టులో ప్రకటించారు. అదే ఏడాది నవంబరులో హైదరాబాదులో సఫ్రాన్ విమాన ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. మరమ్మతు విద్య విలువైనదే. కానీ ఏకస్ఫటిక లోహంతో టర్బైన్ రెక్కలను పోతపోయడం, వాటి లోపల గాలి తిరిగే సన్నని మార్గాలను రూపొందించడం, విఫలమైన పరీక్షల సమాచారాన్ని పూర్తిగా పొందడం, పదేళ్ల తరవాత ఆ ఇంజన్‌ను మరో విమానానికి తగ్గట్టు మార్చుకోవడానికి ఎవరినీ అడగనవసరం లేకపోవడం వంటివి ఒప్పందంలో ఒక్కొక్క వాక్యంగా రాసుకోవాల్సినవి. కావేరి దగ్గర ఆగిపోయిన ఇంజనీర్లు, శక్తి ఇంజన్‌తో పనిచేసిన ఇంజనీర్లు చర్చల బల్ల దగ్గర కలిసి కూర్చుంటే ఆ వాక్యాలు ఏవో గుర్తించడం కష్టం కాదు.